మనకు ఘోరమైన అన్యాయం చేసినవాళ్ళను క్షమించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో చాలా ఏళ్ళుగా, కుటుంబ తగాదాల్లో నలిగిపోయినవాళ్ళతో కూర్చుని మాట్లాడడమే నా పని. చెల్లెలి సంతకం తీసుకుని ఇల్లు తన పేరు మీదికి మార్చుకున్న అన్న, చిట్టీ డబ్బుతో రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసిన పక్కింటావిడ, కట్నం కోసం కోడలికి వాతలు పెట్టిన అత్తింటివాళ్ళు, పసిపిల్ల మీద చెయ్యి వేసిన సొంత బంధువు. ఇలాంటివాళ్ళ చేతిలో దెబ్బతిన్నవాళ్ళు నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. పెళ్ళికి పిలవలేదనో, మాట తూలారనో వచ్చే అలకలు ఇందులో లేవు. ఉదాహరణల్లో ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

ఇన్నేళ్ళయినా క్షమించలేకపోతున్నాను. నా మనసులోనే ఏదో లోపం ఉందా?

లేదు. ఈ ప్రశ్న అడిగి బాధపడేవాళ్ళలో చెడ్డమనిషి నాకింతవరకు తగల్లేదు.

గట్టి దెబ్బ తిన్న మనిషికి కోపం ఏళ్ళ తరబడి ఉంటుంది. "నాకు జరిగింది అన్యాయం" అనే మాటను చుట్టూ ఎవరూ అననప్పుడు, ఆ మాటను బతికించుకునే భారమంతా ఆ కోపం మీదే పడుతుంది. అందుకే అది వదలదు. అన్యాయం ఎంత పెద్దదైతే క్షమించడం అంత కష్టమని అనుకుంటాం. నిజమే కానీ, నేను చూసినంతలో అంతకన్నా పెద్ద అడ్డు ఇంకొకటుంది. జరిగింది జరిగిందని ఒప్పుకునే మనిషి ఒక్కరూ లేకపోవడం.

మల్కాజిగిరి వైపు నుంచి ఒకావిడ వచ్చింది. కూతురి పెళ్ళికి పనికొస్తుందని కింది పోర్షన్‌లో ఉండే ఆవిడ దగ్గర చిట్టీ వేసింది. చిట్టీ ఎత్తుకోవాల్సిన నెల దగ్గరపడగానే వాళ్ళు తాళం వేసి వెళ్ళిపోయారు. ఆవిడ సంచిలోంచి చిన్న చిట్టీ పుస్తకం తీసి నా ముందు పెట్టింది. నెలనెలా ఐదు వేలు, తేదీ, పక్కన నీలం ఇంకుతో పొట్టి సంతకం. అంచులకి పసుపు మరకలు. బియ్యం డబ్బాలో దాచుకుందట. భర్త "నీకు బుద్ధి లేదు" అన్నాడు, అక్క "అత్యాశకు పోయావు" అంది, పుస్తకం మాత్రం ఎవరూ తెరిచి చూడలేదు. నేను ఒక్కో పేజీ తిప్పుతూ మొత్తం కూడుతుంటే ఆవిడ ఏడవడం మొదలుపెట్టింది. డబ్బు పోయిన నాటి నుంచి అదే మొదటిసారి ఏడవడమట.

క్షమించడమంటే మర్చిపోవడమా? మళ్ళీ కలిసిపోవడమా?

రెండూ కాదు. అశ్వత్థామ కథ గుర్తు చేసుకోండి. నిద్రపోతున్న ఉపపాండవులను చంపినవాణ్ణి అర్జునుడు కట్టి తెచ్చి ద్రౌపది ముందు నిలబెట్టాడు. "ఇతని తల్లి నాలాగా ఏడవకూడదు, వదిలేయండి" అంది ద్రౌపది. కానీ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టలేదు. తల మీది మణిని కోసి తీసి, జుట్టు గొరిగి, శిబిరం నుంచి వెళ్ళగొట్టారు. ఆవిడ తన కొడుకులను మర్చిపోయిందని ఏ కథకుడూ చెప్పలేదు.

క్షమించడం మీరు ఒక్కరే చేయగలిగిన పని. కలిసిపోవడానికి అవతలి మనిషి కూడా మారాలి, మారినట్టు మీకు నమ్మకం కలగాలి. క్షమించి దూరంగా ఉండిపోవచ్చు. క్షమించకుండానే ఒక పెళ్ళిలో పక్కపక్క టేబుళ్ళ మీద భోంచేసి రావచ్చు కూడా. చాలామంది చేసేది ఇదే, ఇందులో తప్పేమీ లేదు.

ఇంట్లో అందరూ "అయిందేదో అయింది, పోనీలే" అంటున్నారు. ఏం చెప్పను?

ఈ ప్రశ్న దగ్గర నాకు కోపం ఆగదు, ముందే చెబుతున్నాను.

"పోనీలే" అనే హక్కు నష్టపోయిన మనిషికి ఒక్కరికే ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆ మాట అంటున్నారంటే, చాలాసార్లు వాళ్ళకు కావలసింది మీ మనశ్శాంతి కాదు. వచ్చే నెలలో గృహప్రవేశం ఉంటుంది, అన్నదమ్ములు ఎడమొహం పెడమొహంగా ఉంటే బాగుండదు. లేదా అన్యాయం చేసినవాడికి డబ్బుంది, పలుకుబడి ఉంది, వాణ్ణి నిలదీయడం కష్టం. ఏడుస్తున్న మీ నోరు మూయించడం సులువు. "రక్తసంబంధం", "కడుపులో పెట్టుకో", "నువ్వు పెద్దదానివి కదా" అనే మాటలన్నీ దెబ్బతిన్నవాళ్ళ ఇంటికే వస్తాయి. దెబ్బకొట్టినవాళ్ళ ఇంటికి వెళ్ళి "నువ్వు చేసింది తప్పు" అని చెప్పివచ్చిన పెద్దమనుషులు ఎంతమంది?

మాట వెనకాల కాగితం ఉందేమో చూసుకోండి. ఆడపిల్లల విషయంలో ఇది తరచుగా జరుగుతుంది. తండ్రి పోయాక చీర, పసుపు కుంకుమ పెట్టి, "పాతవన్నీ మర్చిపో" అని కన్నీళ్ళు పెట్టుకుని, ఆ సాయంత్రమే హక్కు వదులుకుంటున్నట్టు సంతకం అడుగుతారు. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించాక ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంతకు చాలా ముందే, 1980లలోనే ఆ హక్కు కల్పించే సవరణ వచ్చింది. క్షమించాలనుకుంటే క్షమించండి. సంతకం మాత్రం అదే రోజు, అదే గదిలో పెట్టకండి. కాగితం ఇంటికి తెచ్చుకుని వకీలుకు చూపించండి. ప్రేమ నిజమైతే పదిహేను రోజులు ఆగుతుంది.

పిల్లల మీద లైంగిక అఘాయిత్యం జరిగిన ఇళ్ళలో "పోనీలే" అనడం మరీ దారుణం. పరువు పేరుతో పిల్ల నోరు నొక్కేస్తారు, ఆ మనిషేమో ప్రతి పండక్కీ వస్తూనే ఉంటాడు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, ఇలాంటిది జరిగిందని తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడం నేరం. చైల్డ్‌లైన్ నంబరు 1098. చిన్నప్పుడు జరిగినదాన్ని పెద్దయ్యాక చెప్పుకునేవాళ్ళూ ఉన్నారు. మూడేళ్ళకు మించి శిక్ష పడే నేరాలకు ఫిర్యాదు చేయడానికి కాలపరిమితి లేదు.

ఇంట్లోవాళ్ళకు ఏం చెప్పాలని అడిగారు కదా. నేను చాలామందికి చెప్పి పంపిన మాట ఇది: "క్షమించడం నా విషయం, దానికి నాకు టైం కావాలి. ముందు వాడు చేసింది తప్పని మీ నోటితో ఒక్కసారి అనండి." అలా అడిగాక కొందరు ఆ మాట అంటారు. అన్న రోజున ఇంట్లో గాలి మారడం నేను చూశాను.

వాళ్ళు క్షమాపణే అడగలేదు. అయినా నేను క్షమించాలా?

"క్షమించి తీరాలి" అనే నియమం ఎక్కడా లేదు. అడగకపోయినా క్షమించగలిగినవాళ్ళున్నారు, వాళ్ళకు నా నమస్కారం. కానీ తప్పు ఒప్పుకోవడం ముందు, క్షమ తర్వాత అనుకోవడంలో అన్యాయమేమీ లేదు.

దక్షిణాఫ్రికాలో జాత్యహంకార పాలన ముగిశాక, 1995 నాటి చట్టంతో సత్య, సయోధ్య కమిషన్ ఏర్పాటైంది. ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ దానికి అధ్యక్షుడు. అది అందరినీ క్షమించేసిందని మనవాళ్ళు అనుకుంటారు. అసలు షరతు వేరు. రాజకీయ కారణాలతో చేసిన నేరాన్ని దాచకుండా మొత్తం చెప్పినవాళ్ళకే క్షమాభిక్ష. 7,112 మంది దరఖాస్తు చేసుకుంటే దొరికింది 849 మందికి. పోలీసుల నిర్బంధంలో చనిపోయిన నల్లజాతి ఉద్యమ నాయకుడు స్టీవ్ బికో కుటుంబం అసలు ఈ పద్ధతినే ఒప్పుకోమని కోర్టుకెళ్ళింది. కేసు ఓడిపోయింది, కానీ బికో చావుకు సంబంధించిన పోలీసులకు కమిషన్ 1999లో క్షమాభిక్ష నిరాకరించింది. ఒక దేశం మొత్తం ముందుకు సాగడానికి పెట్టుకున్న ఏర్పాటులో కూడా నిజం చెప్పనిదే పని జరగలేదు. మన ఇంట్లో మాత్రం నిజం మాటెత్తకుండానే క్షమించమంటారు.

"నా వల్ల ఏమైనా తప్పు జరిగుంటే సారీ" అని వాట్సాప్‌లో పెట్టాడు. ఇది క్షమాపణేనా?

కాదు. ఏం చేశాడో చెప్పాలి, దాని వల్ల మీకేమైందో చెప్పాలి, దాన్ని సరిదిద్దడానికి ఏం చేస్తాడో చెప్పాలి. "జరిగుంటే" అన్నాడంటే జరిగిందని ఇంకా ఒప్పుకోలేదన్నమాట. జవాబు ఇవ్వాలని మీకేమీ లేదు. ఇవ్వాలనిపిస్తే, "ఏం జరిగిందో నీ మాటల్లో రాయి" అని అడగండి.

క్షమిస్తే కేసు వాపసు తీసుకోవాలా?

అక్కర్లేదు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు చిన్న కొడుకులను జీపులో సజీవదహనం చేశారు. భార్య గ్లాడిస్ స్టెయిన్స్ హంతకులను క్షమించానని బహిరంగంగా చెప్పారు. కేసు మాత్రం ఆగలేదు. ప్రధాన దోషికి పడిన యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. ఆవిడ క్షమ నిజమైనదే, ఆ శిక్ష కూడా న్యాయమైనదే.

హత్య, అత్యాచారం లాంటి నేరాల్లో బాధితులు రాజీపడ్డామన్నా కేసు పోదు. 2012లో సుప్రీంకోర్టు ఈ సంగతి మళ్ళీ స్పష్టంగా చెప్పింది. మోసం కేసుల్లో కోర్టు అనుమతితో రాజీ కుదుర్చుకోవచ్చు. నాంపల్లి కోర్టు వరండాలో, లోక్ అదాలత్ రోజున, ఇలాంటి రాజీలు బోలెడు జరుగుతాయి. లోక్ అదాలత్‌లో రాసుకున్నదానికి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. అందుకే డబ్బు ఎప్పుడు, ఎన్ని వాయిదాల్లో, ఇవ్వకపోతే ఏమిటన్నది చదువుకునే సంతకం పెట్టండి. వకీలుకు ఇచ్చుకోలేమనుకునే ఆడవాళ్ళకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేదు.

ఇంకొక్కటి. మీరు క్షమించాలా వద్దా అని తేల్చుకునేలోపు చట్టం ఆగదు. ప్రామిసరీ నోటు మీద దావాకు మూడేళ్ళే గడువు. చెక్కు బౌన్సయితే, బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, అతను నోటీసు అందుకున్నాక 15 రోజుల్లో కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. "బావగారే కదా, దసరా తర్వాత చూద్దాం" అని ఆగి గడువు దాటించుకున్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ముందు నోటీసు పంపండి. క్షమించడానికి గడువు లేదు.

భర్త కొట్టి, ఏడ్చి, కాళ్ళు పట్టుకుంటాడు. మళ్ళీ కొడతాడు. ఈసారి కూడా క్షమించాలా?

ముందు మీరు, పిల్లలు క్షేమంగా ఉండే చోటికి వెళ్ళండి. అన్యాయం ఇంకా జరుగుతున్నప్పుడు క్షమ గురించి ఆలోచించాల్సిన అవసరమే లేదు. ప్రాణం మీదికి వస్తే 100 లేదా 112, మహిళల హెల్ప్‌లైన్ 181. నగరంలో భరోసా, సఖి కేంద్రాలున్నాయి. 2005 గృహహింస చట్టం కింద అతను మీ జోలికి రాకుండా, మిమ్మల్ని ఇంట్లోంచి గెంటేయకుండా కోర్టు ఆదేశాలు తెచ్చుకోవచ్చు.

దసరాకి జమ్మి పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు. తీసుకోకపోతే పాపమా?

పండగలు ఇలాంటి ఇరకాటంలో పెడతాయి. మన దగ్గర దసరా సాయంత్రం జమ్మిపూజ అయ్యాక, చిన్నవాళ్ళు పెద్దల చేతిలో జమ్మి ఆకును "బంగారం" అంటూ పెట్టి కాళ్ళకు దండం పెడతారు, ఈడువాళ్ళు కౌగిలించుకుని అలయ్ బలయ్ తీసుకుంటారు. మాటల్లేని ఇళ్ళ మధ్య ఆ ఒక్క సాయంత్రం రాకపోకలు జరుగుతాయి. ఈ ఆచారమంటే నాకు ఇష్టం. జమ్మిచెట్టుకు రాసి కట్టే శ్లోకంలో పాపం శమించాలనీ ఉంటుంది, శత్రువు నశించాలనీ ఉంటుంది. రెండు కోరికలూ ఒకే కాగితం మీద రాసుకునే మనుషులం మనం.

ఉప్పల్‌లో ఒకామె దగ్గరికి తమ్ముడు అలాగే వచ్చాడు. అమ్మ వైద్యానికని ఆమె నగలు తీసుకెళ్ళి తాకట్టు పెట్టి, ఆ డబ్బు వ్యాపారంలో పోగొట్టాడు. అమ్మ సర్కారు దవాఖానాలో పోయింది. అతను కొత్త చొక్కాలో గేటు దగ్గరే నిలబడి "అక్కా, బంగారం" అన్నాడు. ఆమె చెయ్యి చాపి ఆకు తీసుకుంది. "లోపలికి రా" అనలేదు. అతను వంగి కాళ్ళు ముట్టుకుని, కాసేపు నిలబడి, మేనకోడలి తల నిమిరి వెళ్ళిపోయాడు. ఆకును దేవుడి గూట్లో పెట్టానని చెప్పింది. క్షమించావా అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

తీసుకోవచ్చు, తీసుకోకపోవచ్చు. తీసుకుంటే పాత లెక్కలన్నీ చెల్లిపోయాయని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

దేవుడు క్షమించమన్నాడు కదా?

మన ఊళ్ళో ఉన్న మతాలన్నీ క్షమను మెచ్చుకుంటాయి. అలాగే తప్పు చేసినవాడు ఏం చేయాలో కూడా చెబుతాయి, ఆ భాగం మనం వినం. పాతబస్తీలో హజ్ యాత్రకు బయలుదేరేవాళ్ళు బంధువులు, ఇరుగుపొరుగుల ఇళ్ళకు వెళ్ళి "కహా సునా మాఫ్ కరో" (అన్నవీ విన్నవీ క్షమించండి) అని అడుగుతారు. సాటిమనిషికి చేసిన అన్యాయాన్ని ఆ మనిషి దగ్గరే తేల్చుకోవాలన్నది వాళ్ళ నమ్మకం. పర్యూషణ పర్వం చివర జైనులు "మిచ్ఛామి దుక్కడం" అని ఒకరినొకరు క్షమాపణ కోరుకుంటారు. సువార్తలో పన్ను వసూలు చేసే జక్కయ్య, తాను ఎవరినైనా మోసం చేసి ఉంటే నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. అన్నిచోట్లా నడిచివెళ్ళి అడిగేది, తిరిగి ఇచ్చేది తప్పు చేసినవాళ్ళే.

చేతికి చిక్కిన శత్రువుకు కీడు చేయకుండా మేలు చేసి పంపాలని బడిలో పద్యం చదువుకున్నాం. గమనించండి, శత్రువు చేతికి చిక్కాక మాట అది. ఇంకా వాడి చేతిలో మీరే చిక్కుకుని ఉంటే ఆ పద్యం మీకు వర్తించదు.

క్షమించకపోతే బీపీ వస్తుందట, నిజమేనా?

కొంత నిజం ఉంది. 2001లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో, తమను బాధపెట్టినవాళ్ళ మీద కక్షను తలచుకుంటున్నప్పుడు విద్యార్థుల గుండె వేగం, రక్తపోటు పెరిగాయి. క్షమిస్తున్నట్టు ఊహించుకున్నప్పుడు అంత పెరగలేదు. కానీ 2010లో వచ్చిన మరో పరిశోధన దీనికి రెండో వైపు చూపించింది. తప్పు సరిదిద్దుకోని భాగస్వామిని పదే పదే క్షమిస్తూ పోయినవాళ్ళకు తమ మీద తమకున్న గౌరవం తగ్గిపోయింది. బీపీ భయంతో క్షమించకండి. రాత్రంతా అదే ఆలోచన తిరుగుతూ నిద్ర పట్టకపోతే, దానికి విడిగా వైద్యం చేయించుకోండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే, ఉచితంగా, ఏ సమయంలోనైనా మాట్లాడతారు. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి పేరు చెబితే ఇప్పటికీ జనం భయపడుతున్నారు. నిద్ర పట్టడం లేదని, టెన్షన్‌గా ఉందని ఓపీలో చూపించుకోవడానికి వెళ్ళేవాళ్ళు ఎందరో ఉన్నారు.

పగ తీర్చుకోవాలనిపిస్తోంది.

అనిపించడం తప్పు కాదు. చెయ్యకండి. ఫ్యామిలీ గ్రూపులో తిట్లు పెట్టడం, అతని ఆఫీసుకెళ్ళి గొడవ చేయడం కూడా వద్దు, మీ మీదే కేసు పెట్టే అవకాశం అతనికి ఇచ్చినట్టవుతుంది. "వాడికి ఉసురు తగలాలి" అని ఏడిస్తే ఏడవండి, దానికి ఏ సెక్షనూ లేదు.

మా నాన్న చనిపోయాడు. కొరివి నేనే పెట్టాను. కానీ క్షమించలేదు.

కొరివి పెట్టడం, ఏటా ఆబ్దికం పెట్టడం కొడుకుగా మీ బాధ్యత. అది చేశారు. దాంతో మీరు క్షమించినట్టు సాక్ష్యం చెప్పినట్టు కాదు. పెద్దకర్మ రోజున అందరూ "మహానుభావుడు" అంటుంటే గొంతు కలపనక్కర్లేదు. మా ఇంట్లోనూ అలాంటి పెద్దాయన ఒకరున్నారు, ఆయన గొప్పతనం ఎవరైనా ఎత్తితే మా అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఆ కాస్త మౌనానికి కూడా ధైర్యం కావాలి. ఇక నిలదీయడానికి మనిషి లేడు కాబట్టి, ఆయన ఏం చేశాడో తెలిసిన మరొకరు, అత్తయ్యో చెల్లెలో, ఉంటే వాళ్ళతో కూర్చుని మాట్లాడండి.

క్షమించేశాననే అనుకున్నాను. మొన్న ఫంక్షన్‌లో చూడగానే ఒళ్ళు మండిపోయింది. అంటే అదంతా అబద్ధమా?

అబద్ధం కాదు. ఎవరెట్ వర్తింగ్టన్ అనే అమెరికన్ సైకాలజిస్టు క్షమను రెండుగా చూస్తాడు. పగ తీర్చుకోను, ఆ మనిషితో మనిషిలాగానే ప్రవర్తిస్తాను అని నిర్ణయించుకోవడం ఒకటి. లోపలి కోపం, అసహ్యం నిజంగా కరిగిపోవడం రెండోది. మొదటిది ఒక్కరోజులో జరగవచ్చు. రెండోది దానిష్టం వచ్చినప్పుడు వస్తుంది, కొన్నిసార్లు రాదు. ఆయన ఈ సంగతి పుస్తకాల నుంచి మాత్రమే చెప్పడం లేదు. 1996 కొత్త సంవత్సరం నాడు తన తల్లిని దొంగలు చంపేశారన్న కబురు విన్న మనిషి ఆయన. ఒళ్ళు మండితే మండింది, అప్పుడు మీరు ఏం చేశారు? తల తిప్పుకుని పక్కకు వెళ్ళారా? అయితే మీ నిర్ణయం అలాగే ఉంది.

క్షమించాలనే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఏం జరిగిందో తేదీల వారీగా కాగితం మీద రాయండి. ఎంత పోయిందో రాయండి, డబ్బు ఒక్కటే కాదు, ఆగిపోయిన చదువు, దూరమైన అమ్మగారిల్లు, అన్నీ. మధ్యలో అడ్డుపడి సలహాలు ఇవ్వని ఒక మనిషికి దాన్ని చదివి వినిపించండి. ఆ తర్వాత చిన్న పని ఒకటి ఎంచుకోండి. వాళ్ళ వాట్సాప్ స్టేటస్ చూడడం మానేయడం లాంటిది. మనసు అక్కడితో ఆగిపోతే ఆగనివ్వండి.

పిల్లలను వాళ్ళింటికి పంపాలా? "పెద్దల పగలు పిల్లలకెందుకు" అంటున్నారు మా అత్తగారు.

ఏం జరిగిందన్నదాన్ని బట్టి ఉంటుంది. డబ్బు దగ్గర మోసమైతే, అత్తగారి మాటలో న్యాయముంది. బావామరదళ్ళు ఆడుకోనివ్వండి. "మామయ్య మనకు ఇవ్వాల్సిన డబ్బు ఇవ్వలేదు, అందుకే నేను మాట్లాడను. నువ్వు బావతో ఆడుకో" అని నిజం చెప్పండి. పిల్లలకు అర్థమవుతుంది. కొట్టిన మనిషి, పిల్లల మీద చెయ్యి వేసిన మనిషి ఉన్న ఇంటికి మాత్రం ఒంటరిగా ఒక్క పూట కూడా పంపకండి, అతను ముసలివాడైనా, మంచం పట్టినా, మీరు ఎప్పుడో క్షమించేసినా సరే. పెళ్ళిలో తప్పనిసరై ఎదురుపడితే, ఫంక్షన్ హాల్లో పిల్లలు మీ కంటికి కనిపించే చోటే ఉండేలా చూసుకోండి.